సిపాయి ఎప్పుడు వీరుడవుతాడు?

మన సొసైటీ కార్యదర్శిగారు ఈ ఏడాది సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం రాసి ఇమ్మన్నప్పుడు, ఏ గోల్కొండ మీదనో, కుతుబ్‌షాహీల చెరువుల మీదనో నాలుగు పేజీలు రాసి ఇస్తే సరిపోతుందనుకున్నాను. అలాంటి వ్యాసాలు రాయడం నాకు అలవాటే, చదవడం మీకూ అలవాటే. కాని మొన్న ఆగస్టు 15న మా స్కూల్లో జరిగిన ఒక చిన్న సంగతి నన్ను వేరే దారి పట్టించింది.

జెండా వందనం అయింది. పిల్లలకు మిఠాయి పంచారు. అతిథిగా వచ్చిన పెద్దమనిషి ఉపన్యాసంలో బ్రిగేడియర్ మొహమ్మద్ ఉస్మాన్ పేరు, హవల్దార్ అబ్దుల్ హమీద్ పేరు చెప్పి, మన ఖౌమ్ కూడా ఈ దేశం కోసం రక్తం ధారపోసిందని గట్టిగా చెప్పారు. అందరం చప్పట్లు కొట్టాము. మర్నాడు క్లాసులో ఏడో తరగతి పిల్లవాడొకడు లేచి నిలబడ్డాడు. "సార్, ఉస్మాన్ సాబ్ 1947లో అటువైపు వెళ్ళిపోయి, అక్కడి ఫౌజులో చేరి, ఇలాగే చనిపోయి ఉంటే బహాదుర్ కాకపోయేవాడా?" అని అడిగాడు.

కూర్చోమన్నాను. రేపు చెబుతానన్నాను. నిజం చెప్పాలంటే నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నవాడిని, ప్రతి ఏటా ఆ రెండు పేర్లు బోర్డు మీద రాస్తున్నవాడిని, ఆ మనుషుల గురించి మాత్రం వాళ్ళు చనిపోయిన తేదీ, వాళ్ళకు వచ్చిన పతకం తప్ప ఎక్కువగా ఆలోచించలేదు. ఆ రాత్రి నుండి కొన్నాళ్ళపాటు దొరికిన పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. ఈ వ్యాసం ఆ పిల్లవాడికి నేను బాకీ పడ్డ జవాబే.

ముందు మాటల సంగతి. మన ఉర్దూలో బహాదుర్, దిలేర్, జాంబాజ్ అని ఎన్నో పదాలున్నాయి. తెలుగులో వీరుడు, శూరుడు, ధీరుడు అంటారు. మూడూ ఒకటే కదా అని నేనూ అనుకునేవాణ్ణి. మా స్కూలు పక్కనే ఉండే తెలుగు పండితులు ఒకసారి విడమరచి చెప్పారు. శూరుడంటే యుద్ధంలో చెయ్యి ఆడించగలవాడు. ధీరుడంటే మనసు చెదరనివాడు అని. శౌర్యం ఒక్క గంటలో కనబడుతుంది, ధైర్యం నెలల తరబడి కనబడాలి అని కూడా అన్నారు. ఈ తేడా దగ్గర పెట్టుకుని ఉస్మాన్ సాబ్ జీవితం చూస్తే చాలా సంగతులు తెలిసివస్తాయి.

ఆయన 1912 జూలై 15న ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లా బీబీపూర్‌లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు మవూ జిల్లాలో ఉంది. తండ్రి మొహమ్మద్ ఫారూఖ్ పోలీసు అధికారి, బనారస్ కొత్వాల్‌గా పనిచేసినవారు. కొడుకు చదువు కూడా బనారస్‌లోనే, హరిశ్చంద్ర పేరుతో ఉన్న స్కూల్లో. చిన్నప్పుడు ఉస్మాన్‌కు నత్తి ఉండేది. ఈ మాట నేను మా పిల్లలకు ప్రత్యేకించి చెప్పాను, ఎందుకంటే ప్రతి క్లాసులోనూ నత్తి ఉన్న పిల్లవాడొకడు వెనక బెంచీలో తల దించుకుని కూర్చుని ఉంటాడు. పన్నెండేళ్ళ వయసులో బావిలో పడ్డ ఒక పిల్లవాడిని కాపాడటానికి ఉస్మాన్ లోపలికి దూకాడని కూడా ఆయన గురించి రాసినవాళ్ళు చెబుతారు.

ఆ రోజుల్లో హిందుస్తానీ యువకులకు బ్రిటిషు సైన్యంలో అధికారి పదవి దొరకడమే కష్టం. ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలకు ఏటా కొద్దిమందికే అవకాశం ఇచ్చేవారు. 1932లో ఆయనకు ఆ సీటు దొరికింది. 1934లో కమిషన్ పొంది, 1935లో బలూచ్ రెజిమెంటులో చేరారు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రంగంలో పనిచేశారు. ఇంతవరకూ చూస్తే ఆయన మంచి అధికారి. అలాంటి అధికారులు ఆ తరంలో పదులకొద్దీ ఉన్నారు. ఇంగ్లీషువాడి జీతం మీద ఇంగ్లీషువాడి యుద్ధం చేసిన మనిషిని అప్పటికి వీరుడనాలా వద్దా అన్నది వేరే చర్చ. దాన్ని పక్కన పెడదాం.

అసలు సంగతి 1947లో వచ్చింది. దేశం ముక్కలవుతున్నప్పుడు ఆఫీసుల్లో బల్లలూ కుర్చీలూ పంచుకున్నట్టే సైన్యాన్నీ పంచుకున్నారు. ఇంచుమించు మూడింట రెండు వంతులు మనకు, ఒక వంతు పాకిస్తాన్‌కు. రెజిమెంట్లు ఇటూ అటూ వెళ్ళాయి. మనుషుల విషయంలో నియమం ఒకటి పెట్టారు. పాకిస్తాన్‌లో కలిసే ప్రాంతం నుండి వచ్చిన ముస్లిం అధికారికి హిందుస్తాన్ ఎంచుకునే వీలు లేదు. ఇక్కడి ప్రాంతపు ముస్లింకు మాత్రం రెండు దారులూ తెరిచే ఉన్నాయి. అంటే ఆజంగఢ్ వాడైన ఉస్మాన్‌కు ఎంపిక నిజంగానే ఉంది. ఏ కాగితం మీద సంతకం చేసినా ఎవరూ అడ్డుచెప్పరు.

ఆ సంతకం కుటుంబాలనే చీల్చింది. రాంపూర్ నవాబుల కుటుంబంలో అన్నదమ్ములిద్దరూ సైన్యంలో ఉండేవారు. యాకూబ్ ఖాన్ పాకిస్తాన్ వెళ్ళి తర్వాత అక్కడి విదేశాంగ మంత్రి అయ్యారు. యూనుస్ ఖాన్ ఇక్కడే ఉండిపోయారు. ఒక ఇంటి దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తిన్న పిల్లలు!

ఉస్మాన్ రెజిమెంటు బలూచ్. అది మొత్తంగా పాకిస్తాన్‌కు పోయింది. తోటివాళ్ళు, తాను తయారుచేసిన సిపాయిలు, మెస్‌లో పన్నెండేళ్ళ స్నేహాలు అన్నీ అటు వెళ్ళాయి. జిన్నా, లియాఖత్ అలీ ఖాన్ ఆయనకు నచ్చజెప్పారనీ, ముందు ముందు సైన్యాధిపతి పదవి దక్కుతుందని ఆశ చూపారనీ ఆయన జీవితం రాసినవాళ్ళు చెబుతారు. ఆయన కదలలేదు. ఇక్కడే ఉన్నారు. డోగ్రా రెజిమెంటులోకి మార్చారు.

ఇక్కడ నేనొక మాట చెప్పదలచుకున్నాను, పెద్దలకు నచ్చకపోవచ్చు. మనం సభల్లో ఉస్మాన్ సాబ్ పేరు చెప్పేటప్పుడు ఇక్కడితోనే ఆగిపోతాము. "అటు పోకుండా ఇటు ఉన్నాడు, అందుకే వీరుడు" అంటాము. అలా అయితే ఆ ఏడాది ఇక్కడే ఉండిపోయిన కోట్ల మంది ముస్లింలు, కల్లు దుకాణం పక్కన పంక్చర్లు వేసుకున్నవాడి దగ్గర నుండి మగ్గం నేసినవాడి దాకా, అందరూ వీరులే కావాలి. తన ఇంట్లో తాను ఉండటం వీరత్వం కాదు. ఉస్మాన్ సాబ్ ఎంపికలో పెద్దతనం ఎక్కడుందంటే, ఆ రోజుల్లో రైళ్ళు శవాలతో నడుస్తున్నాయి, మనిషి పేరు చూసి మనిషిని అనుమానిస్తున్నారు, అలాంటి వేళ తన పేరుతో తాను ఒక దళానికి ముందు నిలబడి, అవతలి వైపు తన పాత మిత్రులే ఉంటారని తెలిసి కూడా వెనక్కి తగ్గలేదు. అయినా అది ప్రారంభం మాత్రమే. ఆ తర్వాత పది నెలలు ఆయన ఎలా బతికాడన్నదే నాకు ముఖ్యంగా తోస్తుంది.

1947 అక్టోబరులో కాశ్మీరు యుద్ధం మొదలైంది. నవంబరులో మీర్‌పూర్ పట్టణం పడిపోయింది. మీర్‌పూర్ నుండి, కోట్లీ నుండి వచ్చే రోడ్లు కలిసే చోటు ఝంగర్. అది ఎవరి చేతిలో ఉంటే నౌషేరా మెడ మీద వాళ్ళ చెయ్యి ఉన్నట్టే. డిసెంబరులో 50వ పారాచూట్ బ్రిగేడ్ కమాండరు అనారోగ్యం పాలవగా, ఆ స్థానంలోకి ఉస్మాన్‌ను పంపారు. ఆయన బాధ్యత తీసుకున్న కొద్ది రోజులకే, డిసెంబరు చివరి వారంలో, ఝంగర్ శత్రువు చేతిలోకి పోయింది.

చూడండి, మన వీరుడి కథ ఓటమితో మొదలవుతుంది. మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. కాని ఒక ముస్లిం బ్రిగేడియర్ వచ్చీ రాగానే ఒక ముఖ్యమైన చోటు చేజారితే, ఆ చలికాలంలో, ఆ గుడారాల్లో, ఆయన వెనక ఏమేమి గుసగుసలు పోయి ఉంటాయో ఊహించడానికి పెద్ద తెలివి అక్కరలేదు. ఆయన ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోలేదు. ఒక ప్రతిజ్ఞ చేశాడు. ఝంగర్ తిరిగి తీసుకునేదాకా మంచం మీద పడుకోనని. కొండ ప్రాంతంలో జనవరి చలి, అందులోనూ నేల మీద చాప. మూడు నెలలు అలాగే గడిపాడు.

జనవరిలో లెఫ్టినెంట్ జనరల్ కరియప్ప పశ్చిమ సైన్య విభాగం బాధ్యత తీసుకుని నౌషేరా వచ్చారు. పక్కన కోట్ అనే ఎత్తైన చోటు శత్రువు చేతిలో ఉంది. అక్కడి నుండి చూస్తే నౌషేరా మొత్తం కనబడుతుంది. అది నాకు కానుకగా ఇవ్వమని కరియప్ప అడిగారట. ఫిబ్రవరి 1న ఉస్మాన్ దళాలు కోట్‌ను పట్టుకున్నాయి. అయిదు రోజులు గడిచాయో లేదో, ఫిబ్రవరి 6న తెల్లవారుజామున వేల మంది నౌషేరా మీద విరుచుకుపడ్డారు. కోట్ మన చేతికి రాకపోయి ఉంటే ఆ రోజు నౌషేరా నిలిచేది కాదని సైనిక చరిత్రకారుల అభిప్రాయం.

ఆ ఉదయం తైంధార్ అనే గుట్ట మీద రెండో నంబరు పికెట్‌లో రాజ్‌పుత్ రెజిమెంటుకు చెందిన తొమ్మిది మంది ఉన్నారు. వాళ్ళ నాయకుడు నాయక్ జదునాథ్ సింగ్, షాజహాన్‌పూర్ జిల్లా ఖజూరీ గ్రామస్తుడు. మొదటి దాడిలో నలుగురు గాయపడ్డారు. రెండో దాడికి అందరూ గాయపడ్డారు. బ్రెన్ గన్ పేల్చేవాడు పడిపోతే జదునాథ్ తానే అది తీసుకుని పేల్చాడు. మూడో దాడి వచ్చేసరికి పోరాడగలిగినవాడు తానొక్కడే. స్టెన్ గన్ చేతబట్టి బంకరు వదిలి బయటికి వచ్చి ఎదురు నడిచాడు. వచ్చినవాళ్ళు చెదిరిపోయారు. తలలో ఒకటి, ఛాతీలో ఒకటి గుళ్ళు తగిలి ఆయన అక్కడే ప్రాణం విడిచాడు. పరమవీర చక్రం ఆయనకు లభించింది.

ఉస్మాన్ గురించి రాస్తూ జదునాథ్ దగ్గర ఎందుకు ఇంతసేపు ఆగానంటే, మనం ఏ సభలోనూ ఈ రెండు పేర్లు కలిపి చెప్పము. వాళ్ళ సభల్లో జదునాథ్ పేరు, మన సభల్లో ఉస్మాన్ పేరు. కాని ఆ రోజు ఒక బ్రిగేడ్, ఒకే యుద్ధం. బ్రిగేడియర్ తన సిపాయిని నమ్మి గుట్ట మీద పెట్టాడు, సిపాయి తన బ్రిగేడియర్‌ను నమ్మి ఆ గుట్ట దిగలేదు. నౌషేరా సింహం అన్న బిరుదు ఉస్మాన్ సాబ్‌కు ఆ యుద్ధం తర్వాతనే వచ్చింది. ఆయన తల మీద అవతలివాళ్ళు యాభై వేల రూపాయలు వెల కట్టారు. ఆ రోజుల్లో యాభై వేలంటే మాటలు కాదు.

ఇప్పుడు ఒక టీచరుగా నన్ను ఇరకాటంలో పెట్టిన సంగతి. యుద్ధంలో తల్లిదండ్రులు పోయిన పిల్లలు నౌషేరాలో చాలామంది ఉండేవారు. ఆరేడేళ్ళ నుండి పన్నెండేళ్ళ దాకా వయసు. ఉస్మాన్ వాళ్ళను చేరదీసి, తిండి పెట్టించి, చదువు చెప్పించి, "బాలక్ సేన" అని ఒక దళంగా ఏర్పరిచాడు. నౌషేరా యుద్ధం రోజున వాళ్ళలో కొందరు గుళ్ళ మధ్య నుండి కబుర్లు మోశారు. ముగ్గురికి తర్వాత ప్రధాని నెహ్రూ బంగారు గడియారాలు బహూకరించారు.

మొదటిసారి ఇది చదివినప్పుడు కళ్ళు చెమర్చాయి. రెండోసారి చదివినప్పుడు మనసు ఒప్పుకోలేదు. పదేళ్ళ పిల్లవాడు గుళ్ళ మధ్య పరుగెత్తడమేమిటి? నా క్లాసులో ఉన్న పిల్లల ముఖాలు కళ్ళ ముందు మెదిలాయి. ముట్టడిలో ఉన్న ఊరు, మరో దిక్కు లేదు అనవచ్చు. అనవచ్చు గాని, ఈ ఒక్క చోట నేను ఉస్మాన్ సాబ్‌ను మెచ్చుకోలేను. వీరుడంటే తప్పు చేయనివాడని అనుకుంటే ఇక వీరులెవరూ మిగలరు. అయినా ఇంకో వైపు కూడా చెప్పాలి. ఆయన పెళ్ళి చేసుకోలేదు, మద్యం ముట్టలేదు. జీతంలో చాలా భాగం పేద పిల్లల చదువులకూ పోషణకూ ఖర్చుపెట్టేవాడు. ఆ అనాథ పిల్లలకు పలక పట్టించాలని ఆ యుద్ధం మధ్యలో గుర్తొచ్చింది కూడా ఆయనకే.

మార్చి 18న ఝంగర్ తిరిగి మన చేతికి వచ్చింది. ప్రతిజ్ఞ తీరింది కాబట్టి ఆ రాత్రి బ్రిగేడియర్ సాబ్ మంచం మీద పడుకోవాలి. తీరా చూస్తే బ్రిగేడ్ హెడ్‌క్వార్టర్‌లో మంచమే లేదు. దగ్గరి ఊరి నుండి ఒక మంచం అడిగి తెచ్చారు. ఈ సంగతి చెప్పగానే మా క్లాసు పిల్లలు పగలబడి నవ్వారు. నాకు మాత్రం అందులో ఇంకోటి కనబడింది. అధికారి నేల మీద పడుకుంటున్నాడని కింది వాళ్ళు కూడా ఎవరూ మంచం ఉంచుకోలేదన్నమాట. ఆజ్ఞ ఇచ్చి చేయించే పని కాదది.

1948 జూలై 3 సాయంత్రం ఝంగర్ మీద శత్రువు ఫిరంగులు పేలాయి. ఒక గుండు దగ్గరలోనే పడి ఉస్మాన్ ప్రాణాలు తీసింది. ముప్పై ఆరో ఏడు నిండటానికి పన్నెండు రోజులు తక్కువ. ఆ యుద్ధంలో మన సైన్యం పోగొట్టుకున్నవారిలో అందరికన్నా పెద్ద హోదా గలవాడు ఆయనే. మహావీర చక్రం ఇచ్చారు. ఢిల్లీలో జామియా మిల్లియా ఆవరణ పక్కన ఖనన సంస్కారం జరిగింది. గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి, నెహ్రూ, మౌలానా ఆజాద్ వచ్చారు.

ఒకసారి మన వైపుకు రండి. అదే వేసవిలో హైదరాబాదు రాజ్యం ఉడికిపోతూ ఉంది. నిజాం ఎటూ తేల్చుకోలేదు, రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్నారు. ఉస్మాన్ మరణించిన ఏడు వారాలకు, ఆగస్టులో, "ఇమ్రోజ్" పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాదు వీధిలో చంపేశారు. హిందుస్తాన్‌లో కలవడమే మేలని, రజాకార్ల పని తప్పని రాసినందుకు. ఆయన చేతిలో తుపాకీ లేదు, కలం ఉంది. ఆ తర్వాత సెప్టెంబరు 13 నుండి 17 దాకా పోలీసు చర్య. దాని వెంటనే చాలా ఊళ్ళలో ఏ పాపం ఎరుగని ముస్లిం కుటుంబాల మీద పగ తీర్చుకున్నారు. మా దాదా అప్పటికి ఇరవై ఏళ్ళవాడు. తలుపు గడియ వేసుకుని గడిపిన రాత్రుల గురించి చివరిదాకా చెప్పేవాడు. మమ్మల్ని పొలం గదిలో దాచిపెట్టి అన్నం పంపిన రెడ్డిగారి తల్లి గురించి కూడా అంతే చెప్పేవాడు. నౌషేరాలో ఒక ఉస్మాన్ ఉన్నాడని గాని, చనిపోయాడని గాని ఆ రోజుల్లో మా ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. తెలిసి ఉంటే ఆ రాత్రులు కొంచెం తేలిగ్గా గడిచేవా అని నేను దాదాను ఒకసారి అడిగాను. "భయంలో ఉన్నవాడికి దూరాన ఉన్న బ్రిగేడియర్ కనబడడు బేటా, పక్కింటివాడే కనబడతాడు" అన్నాడు.

ఇక అబ్దుల్ హమీద్. ఉస్మాన్ సాబ్ కొత్వాల్ గారి అబ్బాయి, శాండ్‌హర్స్ట్ చదువు. హమీద్ దర్జీ కొడుకు. గాజీపూర్ జిల్లా ధాముపూర్, 1933 జూలై 1న పుట్టుక. ఆ దర్జీ పేరు కూడా మొహమ్మద్ ఉస్మానే. ఇరవై ఒకటో ఏట, 1954 డిసెంబరులో ఫౌజులో చేరాడు. సూదీ దారంతో ఇల్లు గడవక చేరాడన్నా తప్పులేదు. మన పశ్చిమ గోదావరి జిల్లాలో మిలిటరీ మాధవరం అని పిలిచే ఊరుంది, అక్కడ ఇంటింటికీ ఒక సిపాయి. వాళ్ళనడిగినా దేశం మాట తర్వాత, జీతం మాట, పింఛను మాట దాచకుండా చెబుతారు. పొట్టకోసం చేరినవాడు వీరుడెలా అవుతాడని కొందరు చదువుకున్నవాళ్ళు పెదవి విరుస్తారు. టీచరు జీతానికి పనిచేస్తాడు, డాక్టరు జీతానికి పనిచేస్తాడు. జీతం మనిషిని ఆ చోటికి తెస్తుంది. ఆ చోట ఆ రోజు ఏం చేశాడన్నది జీతం పుస్తకంలో ఉండదు.

హమీద్ 1962లో చైనా యుద్ధం కూడా చూసినవాడే. 1965 నాటికి నాలుగో గ్రెనేడియర్స్‌లో కంపెనీ క్వార్టర్‌మాస్టర్ హవల్దార్. అంటే రేషన్లు, బట్టలు, సామాను లెక్క చూసే పని. కాని రికాయిల్‌లెస్ తుపాకీ పేల్చడంలో గురి కుదిరిన చెయ్యి కాబట్టి యుద్ధం రాగానే మళ్ళీ ఆ దళం అప్పగించారు. ఈ తుపాకీ సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆయన చేసిన పని అర్థం కాదు. అది జీపు మీద బిగించిన 106 మిల్లీమీటర్ల గొట్టం. జీపుకు ఇనుప తొడుగు లేదు, పైన కప్పు లేదు. పేల్చినప్పుడు వెనక నుండి మంట, దుమ్ము పెద్దగా లేస్తాయి. దాంతో ఎక్కడున్నదీ శత్రువుకు తెలిసిపోతుంది. ఒక గుండు పేల్చి వెంటనే జీపు వేరే చోటికి మార్చాలి. ఎదురుగా ప్యాటన్ ట్యాంకు, అమెరికా తయారీ, ఆ కాలంలో పేరుమోసినది.

ఖేమ్‌కరణ్ దగ్గర, చీమా గ్రామం ముందు చెరుకు, పత్తి చేలల్లో సెప్టెంబరు 8 నుండి 10 దాకా ఈ ఆట సాగింది. ఎన్ని ట్యాంకులు పడగొట్టాడు? ప్రశంసాపత్రంలో ఒక లెక్క ఉంది, తర్వాత పుస్తకాల్లో అంతకన్నా పెద్ద లెక్కలున్నాయి. మనవాళ్ళు సభల్లో ఆ అంకె కోసం వాదించుకుంటారు కూడా. నాకు ఆ అంకె పెద్దగా అక్కరలేదు. ఒక్కటి పడగొట్టగానే తానెక్కడున్నదీ అవతలివాళ్ళకు తెలిసిపోయిందని తెలుసు, అయినా మళ్ళీ జీపు తిప్పి వచ్చాడు. రెండోసారి రావడంలో ఉంది అసలు సంగతి. మొదటిసారి ఆవేశం అనుకోవచ్చు, రెండోసారి, మూడోసారి ఆవేశం పనిచేయదు. 10వ తేదీన ఒక ట్యాంకు ఆయనను, ఆయన ఆ ట్యాంకును ఒకేసారి గురిపెట్టుకున్నారు. అసల్ ఉత్తర్ అని పేరుపొందిన ఆ యుద్ధంలో పాకిస్తాన్ దాదాపు 97 ట్యాంకులు పోగొట్టుకుంది.

1966 జనవరి 26న రాష్ట్రపతి రాధాకృష్ణన్ చేతుల మీదుగా పరమవీర చక్రం అందుకున్నది ఆయన భార్య రసూలన్ బీబీ. ఆమె ఆ తర్వాత యాభై మూడేళ్ళు బతికింది, 2019 ఆగస్టులో కన్నుమూసింది. సిపాయి ధైర్యం మూడు రోజులైతే, ఇంటి ధైర్యం యాభై మూడేళ్ళు. మన సంచికల్లో ఆ బీబీ ఫోటో ఎప్పుడూ వేసినట్టు నాకు గుర్తులేదు.

ఇంకొకటి కూడా చెప్పి తీరాలి. 2020 డిసెంబరులో ఢిల్లీలో ఉస్మాన్ సాబ్ సమాధి పలక పగిలి, సమాధి దెబ్బతిని ఉన్నట్టు పత్రికల్లో వచ్చింది. సైన్యం ముందుకొచ్చి బాగుచేయించింది. ఆ వార్త వచ్చినప్పుడు మన మిత్రులు కొందరు చాలా ఆవేశపడ్డారు, ఎవరు పగలగొట్టారు అని. నాకు సిగ్గేసింది. సమాధి పాడవుతుంటే చూసేవాడు లేడు. మనల్ని ఎవరైనా "మీరు ఈ దేశం కోసం ఏం చేశారు" అని అడిగినప్పుడు జేబులోంచి తీసి చూపించడానికే మనకు ఆ పేరు కావలసి వచ్చింది. రేషన్ కార్డు చూపించినట్టు చూపించి మళ్ళీ జేబులో పెట్టుకుంటాము. అడిగేవాడిది తప్పే. కాని చూపించడానికి తప్ప ఇంక దేనికీ ఆ మనిషి మనకు గుర్తురాకపోతే, అందులో మన వంతు కూడా ఉంది.

ఇక పిల్లవాడి ప్రశ్న. వారం రోజుల తర్వాత క్లాసులో ఉస్మాన్, జదునాథ్, హమీద్ ముగ్గురి కథా చెప్పి, చివర 1999 కార్గిల్ సంగతి చెప్పాను. టైగర్ హిల్ దగ్గర జూలై మొదటి వారంలో, ఓడిపోతున్న వేళ పాకిస్తాన్ వైపు నుండి కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ అనే యువకుడు కొద్దిమందిని వెంటబెట్టుకుని ఎదురుదాడికి వచ్చాడు. మన సిఖ్ రెజిమెంటు జవాన్ల చేతిలో చనిపోయాడు. కొండ మీద నుండి అతని శవం కిందికి దింపించారు. మన బ్రిగేడియర్ ఎం.పి.ఎస్. బాజ్వా ఒక చీటీ రాసి శవం జేబులో పెట్టారు. ఇతడు చాలా ధైర్యంగా పోరాడాడు, తగిన గౌరవం ఇవ్వండి అన్నది దాని సారాంశం. శవాన్ని వాళ్ళకు అప్పగించారు. పాకిస్తాన్ అతనికి నిషాన్-ఎ-హైదర్ ఇచ్చింది, వాళ్ళ సైన్యంలో అంతకు మించిన బిరుదు లేదు.

"కాబట్టి బేటా, ఉస్మాన్ సాబ్ అటు వెళ్ళి అలాగే పోరాడి ఉంటే బహాదుర్ కాకుండా పోయేవాడు కాదు. ధైర్యం ఏ జెండా కింద ఉన్నా ధైర్యమే, ఆ చీటీ రాసిన మన బ్రిగేడియరే ఒప్పుకున్నాడు. కాని అటు వెళ్ళినవాడికి ఎదురుగా పెద్ద పదవి, చుట్టూ స్నేహితులు ఉండేవారు. ఇటు ఉన్నవాడికి ఓడిపోయిన ఒక ఊరు, నేల మీద చాప, తల్లీ తండ్రీ లేని పిల్లలు దొరికారు. వాటిని వదిలేయలేదు. నేను ఆయన్ని వీరుడనేది అందుకు" అని చెప్పాను.

పిల్లవాడు కాసేపు ఆలోచించాడు. కూర్చోబోయి మళ్ళీ లేచాడు.

"అయితే సార్, చంపినవాళ్ళ వైపు ఉండి ఆ చీటీ రాసిన బ్రిగేడియర్ కూడా వీరుడేనా?"

అప్పటికి బెల్లు కొట్టారు. అవును బేటా అని చెప్పి, హాజరు పుస్తకం తీసుకుని ఎనిమిదో తరగతికి వెళ్ళాను.